పేజీ ఉంది, అక్షరం లేదు

పాత వెబ్‌పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇరవై అయిదేళ్ల కిందటి తెలుగు దినపత్రిక వెబ్‌సైటు చిరునామా కొడితే చాలాసార్లు పేజీ దొరుకుతుంది. పైన పత్రిక పేరున్న బొమ్మ, ఎడమవైపు నీలిరంగు లింకుల వరస, మూల ఎక్కడో తేదీ కనిపిస్తాయి. వార్త ఉండాల్సిన చోట మాత్రం నెత్తిన చుక్కలూ టోపీలూ, కింద తోకలూ ఉన్న ఐరోపా అక్షరాలు గుట్టగా పోసి ఉంటాయి. ఫ్రెంచి వచ్చినవాడికి అది ఫ్రెంచి కాదు, జర్మన్ వచ్చినవాడికి జర్మనూ కాదు. అది తెలుగే. ఆ రోజు పొద్దున్నే డాలస్‌లోనో దుబాయిలోనో కూర్చుని ఊరి కబుర్ల కోసం ఎవరో చదువుకున్న తెలుగు.

పాత వెబ్‌సైట్లను కాపాడాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చంతా పేజీలు మాయమవడం చుట్టూ తిరుగుతుంది. అది నిజమైన నష్టమే. తెలుగుకు మాత్రం దానికి తోడు ఇంకో కష్టం వచ్చింది. పేజీ భద్రంగా ఉంది, అందులోని రాతే పోయింది. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే ఫాంట్ల కథ కొంచెం తవ్వాలి.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో అందరూ ఒప్పుకున్న పట్టిక ఒకటి ఉంటే రాత నిలబడుతుంది. యూనికోడ్ అలాంటి ఒప్పందం. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. కానీ ఆ ఒప్పందం ఇంట్లో కంప్యూటరు దాకా నడిచి రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అప్పుడైనా సీడీ పెట్టి, కంట్రోల్ ప్యానెల్లోకి పోయి, సరైన పెట్టెలో టిక్కు కొడితే తప్ప ఒత్తులు అక్షరం కింద సర్దుకునేవి కావు.

వెబ్ ఆ పదేళ్లు ఆగలేదు. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మన దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. తరవాత కొద్ది ఏళ్లలోనే తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చేశాయి. యూనికోడ్ చేతికి రాకముందే తెలుగు చూపించాలి కాబట్టి ఒక అడ్డదారి పట్టారు. ఇంగ్లీషుకూ ఐరోపా భాషలకూ ఉద్దేశించిన 256 గళ్ల పట్టికను తీసుకుని, ఆ గళ్లలో ఇంగ్లీషు అక్షరాల బొమ్మలు చెరిపి తెలుగు బొమ్మలు గీశారు. కంప్యూటరు తన లెక్కలో ఇంగ్లీషు అక్షరమే అనుకుంటుంది, తెర మీద తెలుగు కనిపిస్తుంది. ఒకరకంగా కంప్యూటరుకు వేసిన పగటివేషం.

చిక్కేమిటంటే తెలుగు అక్షరాలు గుణింతాలతో, ఒత్తులతో లెక్కేస్తే వేల రూపాలవుతాయి. 256 గళ్లలో, అందులోనూ కొన్ని వాడటానికి వీల్లేనివి పోగా, అవి పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు కోశారు. తలకట్టు ఒక గడి, గుడి ఒక గడి, కొమ్ము ఒక గడి, ఒత్తులకు తలా ఒకటి. చోటు చాలక ‘వ’ పక్కన కొమ్ములాంటి ముక్క తగిలించి ‘మ’ అనిపించడం టైపు మిషను కాలం నాటి పొదుపు. అదే పొదుపు ఇక్కడికీ వచ్చింది. ముక్కలను ఏ గడిలో పెట్టాలన్నది ఫాంటు గీసినవారి ఇష్టం. ఈనాడు ఫాంటుది ఒక వరస, వార్త ఫాంటుది ఇంకో వరస, తిక్కన ఫాంటుది మరొకటి. ఒకదాంట్లో ‘క’ కూర్చున్న గడిలో ఇంకోదాంట్లో ఏదో ఒత్తు ఉండొచ్చు. ఒక పత్రిక పేజీని ఇంకో పత్రిక ఫాంటుతో తెరిస్తే తెలుగు అక్షరాలే కనిపిస్తాయి, ఒక్క మాటకూ అర్థం ఉండదు.

పాఠకులు ఆ రోజుల్లో ప్రతి పత్రికకూ ఒక ఫాంటు దించుకుని విండోస్‌లోని ఫాంట్ల ఫోల్డరులో వేసుకునేవారు. నెట్ సెంటర్లలో ముందు కూర్చున్నవాళ్లు వేసుకుపోయిన ఫాంటు తరవాతివాళ్లకు పనికొచ్చేది. కొన్నాళ్లకు పేజీతోపాటు ఫాంటు దానంతటదే దిగే ‘డైనమిక్ ఫాంటు’ వచ్చింది. సుఖమే, కానీ అది ప్రధానంగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను నమ్ముకున్న సుఖం. ఆ బ్రౌజరుకు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సెలవు చెప్పింది. పేజీ, ఫాంటు, బ్రౌజరు మూడూ కలిస్తేనే అక్షరం పుట్టే ఏర్పాటు అది. ఆర్కైవులో గ్యారంటీగా దొరికేది మొదటిది ఒక్కటే.

దీనికి విరుగుడు కనిపెట్టినవారూ ఉన్నారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకునే ‘పద్మ’ అనే చిన్న ప్రోగ్రాము, అంటే యాడ్‌ఆన్, ఉండేది. ఏ ఫాంటులో ఏ గడి ఏ ముక్కో తెలిపే పట్టికలు దానిలో ఉండేవి. పత్రిక పేజీ తెరవగానే ముక్కలు ఏరి, కలిపి, యూనికోడ్ తెలుగుగా మార్చి చూపించేది. చెప్పినంత తేలిక కాదు ఇది. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి. అక్షరానికి ఎడమవైపు నుంచి మొదలయ్యే క్రావడి, అంటే ర ఒత్తు, పాత పద్ధతిలో హల్లుకు ముందే రావచ్చు, యూనికోడ్‌లో తరవాతే రావాలి. రెండు మూడు ముక్కలు చూశాకే అది ఏ అక్షరమో తేలుతుంది. పాత పద్ధతిలో రాసిన యాడ్‌ఆన్‌లన్నీ 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రాకతో పనిచేయడం మానేశాయి. తాళంచెవి దాచిన బీరువాకే తాళం పడ్డట్టయింది. పద్మ కోడ్ అందరికీ తెరిచి ఉంచినది కావడం అదృష్టం. ఆ పట్టికలను ఇంకో సాధనంలోకి తెచ్చుకునే దారి ఉంది.

చదవలేకపోవడం ఒక నష్టం, వెతకలేకపోవడం దానికి తోడు. 1999 ఒడిశా తుపాను గురించి తెలుగులో ఏం రాశారో చూద్దామని ‘తుపాను’ అని కొడితే సెర్చ్ ఇంజనుకు ఆ పేజీల్లో ‘తుపాను’ కనిపించదు. దాని లెక్కలో అక్కడున్నది చుక్కల అక్షరాల చెత్త. ఇవాళ తెలుగు నేర్చుకుంటున్న కృత్రిమ మేధకైనా, తెలుగు మీద పరిశోధన చేసే విద్యార్థికైనా వెబ్‌లో తెలుగు 2000ల నడుమ హఠాత్తుగా పుట్టినట్టే ఉంటుంది. అంతకుముందు రాసిందంతా పూడిపోయిన ఊరు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ రోజుల్లో తెలుగును వెబ్‌లో పెట్టడానికి మూడు దారులుండేవి. అందమైన ఫాంటులో పెట్టడం ఒకటి. రాతను బొమ్మగా మార్చి అతికించడం రెండోది. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేయడం మూడోది. మొదటిది చూడ్డానికి ముచ్చటగా ఉండేది, మూడోది చూడాలంటేనే చికాకు. ఇవాళ్టి సంగతి సరిగ్గా తలకిందులు. అందమైన ఫాంటు పేజీ చదవడానికి రాదు. బొమ్మ పేజీ బొమ్మ దొరికితే చదవొచ్చు, వెతకడానికి కుదరదు. ఇంగ్లీషు అక్షరాల తెలుగు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ మూడో దారికి ఒక పద్ధతి ఏర్పడింది 1990ల మొదట్లో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో. ఆర్‌టీఎస్ అని పేరు. చిన్నబడి (స్మాల్) ‘ఎన్’ కొడితే న, పెద్దబడి (క్యాపిటల్) ‘ఎన్’ కొడితే ణ. చిన్నబడి ‘టి’ త, పెద్దబడిది ట. యూజ్‌నెట్ అనే ఆనాటి ఇంటర్నెట్ చర్చావేదికలో అప్పటి తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు పద్యాల మీద, వంటల మీద, రాజకీయాల మీద గంటలకొద్దీ తగవులాడుకున్నది ఈ లిపిలోనే. యూజ్‌నెట్ ఉత్తరాలను 1995 నుంచి డేజా న్యూస్ అనే సంస్థ పోగుచేసింది, 2001లో ఆ నిధిని గూగుల్ కొనుక్కుంది. 2024 ఫిబ్రవరిలో కొత్త ఉత్తరాలు తీసుకోవడం ఆపేసినా పాతవి చదవొచ్చన్నారు. నియమం తెలిసిన లిపి కాబట్టి చిన్న ప్రోగ్రాముతో మొత్తం తెలుగులోకి తిప్పేయొచ్చు. తరవాతి కాలంలో లక్షలమంది తెలుగు టైపు చేయడానికి వాడిన లేఖిని కూడా ఈ కుదురు నుంచి వచ్చిందే.

నిలిచినవాటిలో ‘ఈమాట’ ఉదాహరణ ముఖ్యం. 1998లో అమెరికాలోని తెలుగువారు మొదలుపెట్టిన ఈ వెబ్ పత్రిక యూనికోడ్‌కు ముందు కాలానిది. అయినా తొలి సంచికలు ఇవాళ యూనికోడ్ తెలుగులో చదవడానికి దొరుకుతున్నాయి. కారణం సాదాది. పాతవాటిని కొత్త లిపిలోకి మార్చే చాకిరీని ఎవరో కూర్చుని చేశారు. ఇల్లు మారినప్పుడల్లా అటక మీది పెట్టెలు కూడా బండికెక్కించే కుటుంబాలు కొన్ని ఉంటాయి, అలాంటి పని అది. వ్యాపారం మీద నడిచే సైటుకు నిన్నటి వార్త మీద ఆదాయం రాదు, కాబట్టి ఆ అటక జోలికి పోయేవారుండరు.

ఇక పేజీలే పోవడం సంగతి. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ఒక లెక్క చెప్పింది. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తరవాత తెరుచుకోలేదు. వీటిని ఎవరూ తగలబెట్టలేదు. డొమైను డబ్బు కట్టడం మరిచారు, సైటు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారి చిరునామాలు మార్చింది, కంపెనీ దుకాణం కట్టేసింది. అంతే. చిరునామా మార్చొద్దు మహాప్రభో అని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాసి పెట్టాడు. ఆయన 1991లో సెర్న్ ప్రయోగశాలలో పెట్టిన ప్రపంచపు మొట్టమొదటి వెబ్‌సైటుకే తొలినాటి ప్రతి లేదు. 2013లో సెర్న్ దాన్ని పాత చిరునామాలో తిరిగి నిలబెట్టినప్పుడు చేతికి దొరికింది 1992 నాటి ప్రతి.

జ్ఞాపకాల మోజు ఈ రంగంలో ఏం చేయగలదో జియోసిటీస్ చూపించింది. 1994లో మొదలైన ఆ సేవ ఎవరికైనా ఉచితంగా వెబ్‌పేజీ స్థలమిచ్చేది. దాన్ని పేటల్లా విడదీశారు. సినిమా అభిమానులు హాలీవుడ్ పేటలో, కంప్యూటర్ల పిచ్చివాళ్లు సిలికాన్ వ్యాలీ పేటలో ఇల్లు కట్టుకునేవారు. నక్షత్రాలు మెరిసే నల్లటి నేపథ్యం, పలుగూ పారా పట్టుకున్న ‘పని జరుగుతోంది’ బొమ్మ, ఎంతమంది వచ్చారో చూపే అంకెల మీటరు, అతిథుల పుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉండేవి. 1999లో యాహూ 350 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన షేర్లిచ్చి దాన్ని కొంది. పదేళ్లకు, 2009 అక్టోబరు 26న, మూసేసింది. మూసేలోపు జేసన్ స్కాట్ నడిపే ‘ఆర్కైవ్ టీమ్’ అనే ఔత్సాహికుల బృందం పగలూ రాత్రీ పేజీలు దించింది. మరుసటి ఏడాది 600 గిగాబైట్లకు పైబడిన మూటను టొరెంట్‌గా జనం మీదికి వదిలింది. ఓల్యా లియాలినా, డ్రాగన్ ఎస్పెన్‌షీడ్ అనే ఇద్దరు కళాకారులు ఆ మూట విప్పి, పేజీలు ఆనాటి కంప్యూటరులో ఎలా కనిపించేవో అలా బొమ్మలు తీసి చూపించడం మొదలుపెట్టారు. 2009లో వెక్కిరింతకు గురైన అలంకారాలు పదేళ్లు తిరిగేసరికి ముద్దొచ్చాయి.

మోజును తక్కువ చేయడానికి లేదు. అది లేకపోతే ఆ రోజు హార్డ్‌డిస్కులు పట్టుకుని పరుగెత్తేవారే ఉండరు. కానీ మోజు ఏరుకుంటుంది. మెరిసేదాన్ని, నవ్వించేదాన్ని, పదహారేళ్ల వయసును గుర్తుచేసేదాన్ని ఏరుకుంటుంది. ఆ వయసుకు వచ్చిన తెలుగువారికి పాత ఇంటర్నెట్ అంటే కీచుమనే మోడెమ్, నెట్ పెడితే ఎంగేజ్ వచ్చే ల్యాండ్‌లైన్, యాహూ చాట్, ఆర్కుట్‌లో స్క్రాపులు. మార్కెట్ యార్డు ధరల పేజీ, టెండరు నోటీసు, ప్రభుత్వ ఉత్తర్వు ఎవరికీ కలలోకి రావు. ఎంసెట్ ఫలితాలు చూసుకున్న నెట్ సెంటరు గుర్తుంటుంది, ఫలితాల పేజీని దాచాలన్న ఊహ రాదు. రాని మాట అటుంచి, దాచడమూ కష్టమే. హాల్‌టికెట్ నంబరు కొడితేగానీ ఆ పేజీ పుట్టదు. ఆర్కైవు కోసం పేజీలు తిరిగే క్రాలర్ దగ్గర హాల్‌టికెట్ ఉండదు.

దాచాల్సిన అవసరం ఎక్కడ ఎక్కువో ఒక్క ఉదాహరణ చాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వులు, జనం నోట జీవోలు, చాలా ఏళ్లు ఒక వెబ్‌సైటులో అందరికీ దొరికేవి. 2021 ఆగస్టులో అప్పటి ప్రభుత్వం అలా పెట్టడం ఆపింది. 2024 ఆగస్టులో తరవాతి ప్రభుత్వం మళ్లీ తెరిచింది. ఏ ప్రభుత్వం మంచిదన్న లెక్క ఇక్కడ అనవసరం. ఒక మీట నొక్కితే మూతపడే తలుపు వెనక ప్రజల కాగితం ఉందన్నదే విషయం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు శాఖల వెబ్‌సైట్లు కూడా చీలి కొత్త చిరునామాలకు మారాయి. పాత చిరునామాలను పట్టుకుని రాసిన ఫుట్‌నోట్లు, వికీపీడియా మూలాలు గాలిలో మిగిలాయి.

వేబ్యాక్ మెషీన్ ఉంది కదా అనిపించడం సహజం. బ్రూస్టర్ కాల్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ 2001లో దాన్ని జనానికి తెరిచింది. 2025 అక్టోబరు నాటికి లక్ష కోట్ల పేజీలు దాటామని ప్రకటించింది. అయినా అది మొత్తం వెబ్‌కు ఫొటో కాదు. క్రాలర్ ఒక రోజు పేజీని తెస్తుంది, అందులోని బొమ్మను ఇంకో నెలలో తెస్తుంది. తెరిచినప్పుడు రెండూ కలిపి ఒకే పేజీగా చూపిస్తుంది. మార్చి వార్త పక్కన జూన్ ఫొటో ఉండొచ్చు. సందర్శకుల మీటరు అసలు ఆ సైటులోనే ఉండేది కాదు, వేరే సర్వరు నుంచి వచ్చేది. కాబట్టి చాలాచోట్ల దాని స్థానంలో విరిగిన బొమ్మ గుర్తు మిగిలింది. పైగా చిరునామా తెలిసినవాడికే వేబ్యాక్ మెషీన్ తలుపు తీస్తుంది. 2024 అక్టోబరులో ఆ సంస్థ మీదే సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది. ప్రపంచం తన జ్ఞాపకాన్నంతా ఒక స్వచ్ఛంద సంస్థ నెత్తిన పెట్టి నిశ్చింతగా ఉండటం ఎంత ధైర్యమో అప్పుడు కొంత తెలిసింది.

లాగిన్ వెనక ఉన్నది క్రాలర్‌కు అందదు. గూగుల్ నడిపిన సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. బ్రెజిల్ తరవాత అది ఎక్కువగా వెలిగింది మన దేశంలోనే. బహిరంగ బృందాల చర్చలను గూగుల్ కొంతకాలం ఆర్కైవుగా ఉంచి, తరవాత అదీ తీసేసింది. అభిమాన హీరోల కోసం కొట్టుకున్న మాటలు పోతే మంచిదే అనేవారుంటారు. పదిహేనేళ్లప్పుడు రాసినవి ఎప్పటికీ వెంటాడకూడదని కోరే హక్కు మనిషికి ఉంది, 2023 నాటి మన వ్యక్తిగత డేటా చట్టంలో చెరిపించుకునే హక్కు కూడా ఉంది. అది వేరే వ్యాసం. ఆర్కుట్ గుణపాఠం ఎవరికీ పట్టలేదన్నది మాత్రం ఇక్కడిదే. తెలుగు రాత ఇవాళ ఎక్కువగా ఫేస్‌బుక్ గోడల వెనక, వాట్సాప్ బృందాల్లో సాగుతోంది. ఫాంట్ల గొడవ తీరిన కాలంలో గోడల గొడవ మొదలైంది.

చట్టం సంగతి చూస్తే, బ్రిటన్ 2013 నుంచి తన దేశపు వెబ్‌సైట్లను పుస్తకాల్లాగే జాతీయ గ్రంథాలయాల్లో దాచేందుకు నిబంధనలు తెచ్చుకుంది. ఫ్రాన్స్ 2006లోనే చేసింది. మన దేశంలో ఉన్నది 1954 నాటి చట్టం. అచ్చయిన ప్రతి పుస్తకం కాపీని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో సహా మరి మూడు గ్రంథాలయాలకూ ప్రచురణకర్తలు పంపాలంటుంది. 1956 సవరణతో పత్రికలు కూడా అందులో చేరాయి. వెబ్‌సైటు అన్న మాట అప్పటికి పుట్టలేదు.

ఆ చట్టం వల్లే ఒక విచిత్రమైన దారి మిగిలింది. ఫాంటు పోయి, పట్టిక పోయి, చుక్కల అక్షరాలే మిగిలిన పేజీని విప్పాలంటే దానిలో ఏముందో ముందే తెలిసిన పాఠం ఒకటి కావాలి. తొలి రోజుల్లో వెబ్‌లో పెట్టింది చాలావరకు ఆ పొద్దున అచ్చయిన వార్తే. అదే తేదీ కాగితం ప్రతి దొరికితే శీర్షికను శీర్షిక పక్కన పెట్టి ఏ గుర్తు ఏ ముక్కో పోల్చుకోవచ్చు. వార్త మొదట్లో మళ్లీ మళ్లీ వచ్చే ‘హైదరాబాద్’, ‘విజయవాడ’ లాంటి ఊళ్ల పేర్లతో మొదలుపెడితే పట్టికలో పాతిక ముక్కలు ఒక పూటలో తేలతాయి. ఒత్తులు తేలడానికి ఇంకాస్త ఓపిక కావాలి. ఒకసారి పట్టిక తయారైతే ఆ ఫాంటులో ఉన్న వేల పేజీలూ ఒక్కసారే తెలుగవుతాయి. కాబట్టి 2000 నాటి వెబ్‌సైటు చదవడానికి తాళంచెవి సర్వర్లలో లేదు. కోల్‌కతాలోనో, కన్నెమరాలోనో, పాత పత్రికల సంపుటాలు దాచే వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోటో బైండు చేసిన కట్టల్లో వెతకాలి. ఆ కాగితం నాసిరకం న్యూస్‌ప్రింటు. అంచులు విరుగుతుంటాయి.